గుడ్డు దాటిన బల్లులు

రక్తపింజరి పిల్లల్ని పెడుతుందనీ, నాగుపాము గుడ్లు పెడుతుందనీ మన పల్లెల్లో చాలామందికి తెలుసు. పాముల దగ్గరి బంధువులైన బల్లుల్లోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. 1787లో వియన్నా శాస్త్రవేత్త జాక్విన్ పిల్లల్ని కనే బల్లి గురించి రాశాడు. నేటి పేరు జూటోకా వివిపారా. విచిత్రమేమిటంటే, యూరప్‌లో చాలాచోట్ల పిల్లల్ని కనే ఈ జీవి పిరనీస్ కొండల వైపు గుడ్లే పెడుతుంది.

మరి గుడ్లు మాని పిల్లల్ని కనే ఈ మార్పు ఎందుకు?

సిడ్నీ పరిశోధకురాలు క్లేర్ వీక్స్ 1933లో చలివైపు వేలు చూపింది. చల్లని నేలలో గుడ్డు సరిగా ఎదగదు. తల్లి కడుపులో ఉంటేనో, ఆమె ఎండకు కాగినప్పుడల్లా లోపలి పిండానికీ వెచ్చదనం అందుతుంది. న్యూజిలాండ్ స్థానిక బల్లుల్లో ఒక్క జాతి తప్ప అన్నీ పిల్లల్నే కనడం ఈ వాదనకు బలం. అయితే చలి ఒక్కటే కారణమంటే ఒప్పుకోవడం కష్టం. వేడి బ్రెజిల్‌లోని మబూయా స్కింకులు అనే బల్లుల అండం మిల్లీమీటరు మాత్రమే. పిండానికి కావలసిన పోషణ దాదాపు అంతా మావి ద్వారానే అందుతుంది. క్షీరదాలకు ఇంత దగ్గరగా వచ్చిన బల్లి మరొకటి అరుదు.

ఈ మార్పు పాతదే. చైనాలో దొరికిన, సుమారు 12 కోట్ల ఏళ్లనాటి యాబీనోసారస్ శిలాజం కడుపులో పదిహేనుకు పైగా పిండాలున్నాయి. బల్లులు, పాముల్లో ఇది విడివిడిగా వందసార్లకు పైగా జరిగిందని అంచనా. అంతటి పెద్ద మార్పు అన్నిసార్లు ఎలా సాధ్యం? గుడ్డు కడుపులో ఇంకొంచెం ఎక్కువకాలం నిలవాలి, పెంకు పలచబడి గాలీ నీరూ సులువుగా లోపలికి చేరాలి. ఒక్కో అడుగూ చిన్నదే. మూల్యం మాత్రం తల్లిదే: నెలల తరబడి బరువు మోస్తూ, వేగం తగ్గి, శత్రువులకు సులువుగా చిక్కుతుంది.

గుడ్లు పెట్టడానికీ పిల్లల్ని కనడానికీ మధ్య దశ ఇప్పటికీ సజీవంగా ఉంది. ఆస్ట్రేలియాలోని సైఫోస్ ఈక్వాలిస్ అనే మూడువేళ్ల స్కింకు సిడ్నీ పరిసరాల్లో గుడ్లు పెడుతుంది, ఉత్తరాన ఎత్తైన ప్రాంతాల్లో పిల్లల్ని కంటుంది. దాని గుడ్లలోనూ పిండాలు బాగా ఎదిగే బయటపడతాయి. 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరింత అరుదైన సంగతి ప్రకటించారు: ఒకే తల్లి, ఒకే గర్భంలో, ముందు మూడు గుడ్లు పెట్టి, కొన్ని వారాల తర్వాత ఒక పిల్లను కన్నది.