బారీ వాగు గట్టున ఇద్దరు

గోల్ఫ్ అంటే మన ఐటీ జనాలకి మేనేజర్ల ఆట. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకునేవాణ్ణి. రెండేళ్ళ క్రితం ఆన్‌సైట్ పుణ్యమా అని స్కాట్లాండ్‌లో డండీ అనే ఊళ్ళో మూణ్ణెల్లు ఉండాల్సొచ్చింది. అక్కడ వీకెండ్ వస్తే వాన చూడ్డం తప్ప పనేమీ ఉండదు. ఓ ఆదివారం తోచక రైలెక్కి, పావుగంట దూరంలో ఉన్న కార్నూస్టీలో దిగాను. ఊరు చిన్నది. సముద్రం పక్కనే గోల్ఫ్ మైదానం, దాని చివర్లో మెలికలు తిరుగుతూ ఒక వాగు. పేరు బారీ బర్న్. (స్కాట్లాండ్ వాళ్ళ భాషలో బర్న్ అంటే కాలడం కాదు, వాగు.) రెండు పక్కలా రాతి గోడ కట్టేసి ఉంటుంది. మా ఊరి పంటకాలువ దీనికన్నా వెడల్పు. ఇంత వాగు ఇద్దరి జీవితాలని ముంచేసిందంటే చూసినవాళ్ళెవరూ నమ్మరు.

ముందు గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడే గెలుస్తాడు. ఒక రౌండుకి 18 హోల్స్, టోర్నమెంటుకి నాలుగు రౌండ్లు. మామూలుగా ఎన్ని దెబ్బల్లో వెయ్యాలో ఆ లెక్కని పార్ అంటారు. ఇక లింక్స్ అంటే సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక నేల మీది కోర్సు. చెట్లు దాదాపు ఉండవు, గాలి మాత్రం బోలెడు. నేల గట్టిగా ఉండటంతో పడిన బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. 1860లో ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మందితో మొదలైన ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఈ రోజుకీ లింక్స్ మీదే ఆడతారు. అంటే ఈ ఆటలో అదృష్టం అనేది బగ్ కాదు, ఫీచర్.

అసలు కథ 1999 జూలై 18న జరిగింది. దానికి దాదాపు నెల ముందు ఎడ్జ్‌బాస్టన్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. నాలుగు బంతుల్లో ఒక్క పరుగు చెయ్యాల్సి ఉండగా డొనాల్డ్ రనౌట్, దక్షిణాఫ్రికా ఇంటికి. మా నాన్న ఇప్పటికీ క్లూసెనర్ పేరెత్తితే నిట్టూరుస్తాడు. గోల్ఫ్ చూసేవాళ్ళకి అలాంటి నిట్టూర్పు పేరు జాన్ వాన్ డ వెల్డ్.

ఈయన ఫ్రెంచాయన. అప్పటికి ప్రపంచ ర్యాంకు 152. యూరప్ టూర్లో గెలిచింది ఒక్కటే, అదీ 1993లో. క్వాలిఫైయింగ్ ఆడి మరీ లోపలికొచ్చాడు. ఆ ఏడాది కార్నూస్టీలో గడ్డి మోకాలెత్తు పెంచారు. పంతొమ్మిదేళ్ళ సెర్హియో గార్సియా మొదటిరోజు 89 కొట్టి వాళ్ళమ్మ భుజం మీద పడి ఏడ్చాడు. అలాంటి చోట వాన్ డ వెల్డ్ మూడు రౌండ్లు అయ్యేసరికి అయిదు దెబ్బల ఆధిక్యంలో ఉన్నాడు. 1907 తర్వాత ఫ్రెంచివాడెవడూ ఓపెన్ గెలవలేదు. ఆఖరి రోజు ఆఖరి హోల్‌కి వచ్చేసరికి మూడు దెబ్బల ఆధిక్యం. పార్ 4. ఆరు కొట్టినా ట్రోఫీ ఇంటికే.

మొదటి దెబ్బకే పెద్ద కర్ర తీశాడు. బంతి కుడివైపుకి పోయి పక్కనున్న 17వ హోల్ గడ్డి మీద, వాగు మెలికలో పడింది. బతికిపోయాడు. ఇప్పుడు చిన్న దెబ్బతో వాగుకి ఇవతల ఆపుకుని, ఇంకోదాంతో దాటేస్తే సరిపోతుంది. ఆయన 2-ఐరన్ తీసి నేరుగా గుంట వైపు కొట్టాడు. అది వెళ్ళి జనం కూర్చునే స్టాండు కమ్మీకి తగిలి, వెనక్కొచ్చి వాగు రాతిగోడకి తగిలి, ఇంకా వెనక్కెగిరి గుబురు గడ్డిలో పడింది. స్టాండులోనే ఉండిపోయినా పెనాల్టీ లేకుండా డ్రాప్ ఇచ్చేవాళ్ళు. మూడో దెబ్బ గడ్డిలో చిక్కుకుని వాగులో పడింది. ఆ తర్వాతి ఫోటో మీరు ఎక్కడో చూసే ఉంటారు: బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్ళలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. నీళ్ళలోంచే కొట్టేద్దామా అని చాలాసేపు చూసి, చివరికి ఒక పెనాల్టీతో డ్రాప్ తీసుకున్నాడు. అయిదో దెబ్బ ఇసుక గోతిలోకి. అదే గోతిలోంచి పక్క ఆటగాడు క్రెయిగ్ ప్యారీ నేరుగా గుంటలో వేసేశాడు! ఈయన ఆరోదాంతో బయటపడి, మిగిలిన సుమారు ఆరడుగుల పుట్ వేసి ఏడుతో ముగించాడు. ఇంత పరువు పోయాక చేతులు వణక్కుండా ఆ పుట్ వేశాడే, దాని గురించి ఒక్కడూ మాట్లాడడు.

ముగ్గురు సమానం. నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో వాన్ డ వెల్డ్ ఓడాడు. అప్పట్నుంచీ పాతికేళ్ళకి పైగా ఆయన పేరు చెప్తే "సేఫ్‌గా ఆడుంటే పోయేదిగా" అనే మాటే వినిపిస్తుంది. వీడియో చూసి నేనూ అదే అన్నాను.

ఆ అభిప్రాయం మారింది హోసే హురాడో వల్ల. 1931లో కార్నూస్టీలో మొట్టమొదటిసారి ఓపెన్ జరిగింది. హురాడో అర్జెంటీనావాడు. మూడు రౌండ్లు అయ్యేసరికి ఈయనే ముందున్నాడు. అయిదు దెబ్బల వెనక టామీ ఆర్మర్. ఎడిన్‌బరోలో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో ఒక కంటి చూపు పోగొట్టుకుని, అమెరికా వెళ్ళి స్థిరపడ్డవాడు. ఆర్మర్ ముందే ఆట ముగించి 71తో వచ్చి కూర్చున్నాడు. హురాడో 17లో బంతిని సరిగ్గా తగిలించలేక ఇదే బారీ వాగులో పడేశాడు, ఆరు అయింది. ఇక 18. నాలుగు కొడితే సమానం. కానీ ఆ సంగతి ఆయనకి తెలీదు! ఇప్పట్లా అడుగడుక్కీ స్కోరుబోర్డులు లేని రోజులవి. అందుకని బుద్ధిమంతుడిలా వాగుకి ఇవతలే బంతి ఆపుకుని, పద్ధతిగా దాటి, అయిదుతో ముగించాడు. 297. ఆర్మర్ 296. వాన్ డ వెల్డ్‌కి మనమంతా ఇస్తున్న సలహాని అరవై ఎనిమిదేళ్ళ ముందే అక్షరాలా పాటించిన మనిషి ఒక్క దెబ్బతో ఓడిపోయాడు. అదే వాగు దగ్గర.

ఇంకో తమాషా. 1999 ప్లేఆఫ్ గెలిచింది పాల్ లారీ. (పేరు చూసి నవ్వకండి, నేను నవ్వేశాను.) పక్కనే ఉన్న అబర్డీన్ కుర్రాడు, ర్యాంకు 159. ఆఖరి రోజు పొద్దున పది దెబ్బల వెనకున్నాడు. 67 కొట్టి, గంటల ముందే ముగించి, ఎదురుచూస్తూ ఉన్నాడు. మేజర్ టోర్నమెంట్లలో ఆఖరి రౌండులో అంత వెనకనుంచి వచ్చి గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. ప్లేఆఫ్‌లో 18కి వచ్చేసరికి ఆయనకి ఒకే ఒక్క దెబ్బ ఆధిక్యం, పైన వాన. ఆయనేమన్నా వాగుకి ఇవతల ఆగాడా? 4-ఐరన్‌తో వాగు దాటించి గుంటకి నాలుగడుగుల దూరంలో పెట్టాడు. జస్టిన్ లెనార్డ్ మాత్రం అంతకుముందూ ప్లేఆఫ్‌లోనూ, రెండుసార్లూ అదే వాగులో వేశాడు. వాగు మీదుగా కొట్టడం అందరూ చేసిన పనే. దాటినవాడిది ధైర్యం, దాటనివాడిది మూర్ఖత్వం అయింది.

అలాగని వాన్ డ వెల్డ్‌ని పూర్తిగా వెనకేసుకు రావట్లేదు. హురాడోకి లేనిదీ ఈయనకి ఉన్నదీ ఒకటుంది: స్కోరు. మూడు దెబ్బలు చేతిలో ఉన్నాయని తెలుసు. 2-ఐరన్ వరకూ నేను క్షమించేస్తాను, ఆ కమ్మీకి తగలడం ఎవడి లెక్కలోనూ ఉండదు. మూడో దెబ్బ దగ్గరే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గడ్డిలోంచి పక్కకి తోసేసి మళ్ళీ మొదలెట్టి ఉండొచ్చు. అప్పటికీ చేతిలో దెబ్బలున్నాయి.

ఇదంతా నాకెందుకంటే, కారణం ఉంది. మా పాత ప్రాజెక్టులో ఒక శుక్రవారం రాత్రి రిలీజ్ బెడిసికొట్టింది. డిప్లాయ్ చేసిన కుర్రాడు అంతకుముందు ఏడాదిలో అలాంటివి ఎన్నో చేశాడు, అవన్నీ సాఫీగా వెళ్ళాయి, మేమంతా చప్పట్లు కొట్టాం. ఆసారి సర్వర్ పడుకుంది. ఆర్‌సీఏ డాక్యుమెంటులో "నిర్లక్ష్యం" అని రాసింది నేనే. ఆ రాత్రి అతని ముందున్న డ్యాష్‌బోర్డులో ఏం కనపడిందో అడగాలని కూడా నాకు తోచలేదు. ఆ వాగు గట్టున నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది, డండీ తిరిగొచ్చాక అతనికి మెసేజ్ పెట్టాను. "అది నీకింకా గుర్తుందా అన్నా" అన్నాడు. డాక్యుమెంటు మాత్రం అక్కడ అలాగే ఉంది, మార్చే యాక్సెస్ నాకిప్పుడు లేదు.

వాన్ డ వెల్డ్ 2006లో మదైరాలో ఇంకో టోర్నమెంటు గెలిచాడు, ఎవరూ పట్టించుకోలేదు. అంతకన్నా నాకు నచ్చింది 1999 డిసెంబరులో చేసిన పని. ఒక ప్రకటన కోసం అదే 18వ హోల్‌కి మళ్ళీ వెళ్ళాడు. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా పుట్టర్ ఒక్కదాంతోనే, అంటే నేల మీద బంతిని దొర్లించే ఆ చిన్న కర్రతోనే ఆడాడు. మూడో ప్రయత్నంలో ఆరు దెబ్బల్లో వేసేశాడు.