ఈ రోజు రైఫిల్‌ది

రేంజ్‌లో తుపాకీ పెట్టె తెరవడానికీ ఒక పద్ధతి ఉంది. గొట్టం మూతి టార్గెట్ల వైపు ఉండేలా పెట్టెను బల్ల మీద తిప్పి పెట్టుకోవాలి. ఎవరైనా కాగితాలు మార్చడానికి ముందుకు వెళ్లి ఉంటే పెట్టెను ముట్టుకోనే కూడదు. ముందుకు చూశాను. యాభై మీటర్ల అవతల మట్టికట్ట, దాని ముందు తెల్ల టార్గెట్ల వరస. మనుషులెవరూ లేరు. రేంజ్ ఆఫీసర్ తల ఊపారు. తాళం తీశాను.

నవంబరు పొద్దున. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్. బండరాళ్ల అవతల ఎక్కడో నెమలి అరుస్తోంది. పెట్టెలో నల్ల స్పాంజి మధ్య ఒదిగి ఉంది, జర్మనీలోని ఉల్మ్ నుంచి వచ్చిన ఆన్షుట్జ్ పాయింట్ టూ టూ రైఫిల్. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మీద పెరిగిన చేతులు నావి. ఆ గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. ఇది మందుతో పేలేది, ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు, పర్మిట్, కస్టమ్స్ అన్నీ దాటి నా చేతికి వచ్చేసరికి దీని గురించి కాగితాల మీద నాకు తెలియని సంగతి లేదు. పేల్చి చూసింది మాత్రం లేదు.

పెట్టె మూతలో ఫ్యాక్టరీ వాళ్లు పేల్చి పంపిన టెస్ట్ టార్గెట్ ఉంది. రంధ్రాలన్నీ కలిసిపోయి ఒకటే చిరుగులా కనిపిస్తున్నాయి. మురిసిపోతూ కోచ్ సార్‌కి చూపించాను.

"మంచిగుంది బిడ్డా. కానీ వాళ్లు కొట్టిన తూటాలు మన దగ్గర లేవు కదా" అంటూ ఆ కాగితాన్ని మడిచి మూతలోనే పెట్టేశారు. "స్కోరు సంగతి ఇయ్యాల మర్చిపో. ఈ రోజు రైఫిల్‌ది. అది ఏం చెప్తదో విందాం."

ఛాంబర్‌లో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ వేలాడుతోంది. అది కనిపిస్తున్నంతసేపూ లోపల తూటా లేదని చుట్టూ ఉన్నవాళ్లందరికీ భరోసా. ఫ్లాగ్ లాగి, బోల్ట్ ఊడదీసి, రాడ్‌కి గుడ్డముక్క తగిలించి గొట్టం వెనక నుంచి ముందుకు తోశాం. మొదటి ముక్క నూనె మరకలతో వచ్చింది. తర్వాతి ముక్కలు తేటపడుతూ వచ్చాయి. గొట్టం వెనక కన్ను పెట్టి చూస్తే లోపలి గాళ్లు మెలి తిరుగుతూ వెలుతురులోకి సాగిపోతున్నాయి. సుమారు పదహారు అంగుళాలకు ఒక చుట్టు. తూటా మూతి దాటేలోపు దాదాపు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని దారి తప్పకుండా తీసుకెళ్లేది.

రైఫిల్‌ని ఇసుక సంచుల మీద ఆనించాం. తూటా దారిలో కొంత కిందికి దిగుతుంది కాబట్టి, గొట్టంలోంచి చూస్తూ, టార్గెట్ నల్ల గుండ్రం నడిమధ్యకి కాస్త కిందగా కనిపించేదాకా సంచుల్ని అటూ ఇటూ సర్దాను. ఇక రైఫిల్‌ని కదపకుండా కన్ను పైకెత్తి వెనక సైట్ చిల్లులోంచి చూస్తే, ముందు సైట్ రింగు నల్ల గుండ్రానికి ఎడంగా, ఎత్తుగా ఉంది. నాబ్‌లు తిప్పుతూ రెంటినీ కలిపాను. ఒక్క తూటా ఖర్చు కాకుండానే, తొలి షాట్ కాగితం మీదే పడుతుందన్న ధీమా వచ్చింది.

బోల్ట్ ఎక్కించాను. మఫ్‌లు చెవుల మీదికి లాక్కున్నాను. నెమలి అరుపు ఆగిపోయింది. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది.

"లోడ్."

డబ్బాలోంచి తీసిన తూటా అంగుళం పొడవుంది. సీసపు ముక్కు మీద మైనం పూత, వేళ్లకు అంటుకుంటోంది. ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మూశాను. నూనె రాసిన ఉక్కు ఉక్కులోకి జారి కూర్చున్న చప్పుడు చెవికి కాక అరచేతికి తెలిసింది. కంటి ముందు చిల్లు, చిల్లులో రింగు, రింగులో నల్ల గుండ్రం, దాని చుట్టూ సన్నని తెల్లటి వెలుగు. ఆ తెల్లదనం అన్ని వైపులా సమానంగా ఉండాలి. ఊపిరి సగం వదిలి ఆపాను. ట్రిగ్గర్ మొదటి దశ తేలిగ్గా వచ్చేసింది. అక్కడొక అడ్డు తగిలింది. వంద గ్రాముల దరిదాపు ఒత్తిడికే ఆ అడ్డు విరిగిపోతుంది.

టప్.

అంతే. పెద్ద తుపాకీ మోతేమీ కాదు. మ్యాచ్ తూటా సెకనుకు 330 మీటర్ల దరిదాపుల్లో, ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి గాలిని చీల్చిన చప్పుడు ఉండదు. భుజానికి చిన్న తోపుడు, ముక్కుకి కాలిన మందు వాసన. ఎయిర్ రైఫిల్‌లో ఎన్నడూ ఎరగని వాసన. స్కోప్‌లోంచి చూస్తే కుడివైపు, కింద, ఏడు గీత మీద రంధ్రం. దాని అంచు చుట్టూ సీసం, మైనం తుడుచుకుపోయిన సన్నని బూడిద రంగు వలయం. తుపాకీ పెట్టిన తొలి సంతకం.

రెండోది పైకి పోయింది. మూడోది ఇంకెక్కడో. సార్ సైట్ ముట్టుకోనివ్వలేదు. తుడిచిన గొట్టం తొలి షాట్లను నమ్మకూడదు. తూటాల మైనం గొట్టం పొడవునా సమంగా పరుచుకునేదాకా అది ఒక మాట మీద నిలబడదు. పేలుస్తూ పోతుంటే రంధ్రాలు ఒకదాని పక్కకు ఒకటి చేరడం మొదలైంది. కుడివైపు, కిందనే. కానీ గుంపుగా.

"ఇప్పుడు తిప్పు."

ఎడమకి, పైకి. ఒక్కో క్లిక్కుకి తూటా పడే చోటు కొద్ది మిల్లీమీటర్లే జరుగుతుంది. గుంపు మెల్లగా మధ్యలోకి నడిచింది. పది గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, యాభై మీటర్ల దూరంలో ఒక చొక్కా గుండీ అంత. తూటా మందం 5.6 మిల్లీమీటర్లు. రంధ్రం అంచు గీతను తాకితే చాలు పది ఇస్తారు కాబట్టి, తూటా నడిబొడ్డు కేంద్రం నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపు పడాలి. నాకూ రైఫిల్‌కీ తూటాకీ గాలికీ కలిపి ఉన్న జాగా అంతే.

గాలి సంగతి వెంటనే తెలిసొచ్చింది. పది మీటర్ల దగ్గర ఒకటి, ముప్పై మీటర్ల దగ్గర ఒకటి సన్నని గుడ్డపేలికలు, విండ్ ఫ్లాగులు. ముందుది వేలాడుతోంది, వెనకది కుడి నుంచి ఎడమకి లేచి ఆడుతోంది. షాట్ ఎడమకి పోతుందనుకున్నాను. పోయింది. కాస్త పైకి కూడా ఎక్కింది, గడియారంలో పది అంకె ఉండే వైపుకి. తూటా కుడి చేతి వాటంగా తిరుగుతూ వెళ్తుంది కాబట్టి పక్కగాలి దాన్ని ఏటవాలుగా తోస్తుంది. నాలుగు గోడల మధ్య, పది మీటర్ల దూరంలో పెరిగిన షూటర్‌కి ఇది కొత్త పాఠం. ఫ్లాగులు రెండూ వాలేదాకా ఆగడం నేర్చుకున్నాను.

తర్వాతి తూటా పేలలేదు. క్లిక్ మంది, అంతే.

"ఏమైంది బిడ్డా?"

"పేల్లేదు సార్."

"కదలకు. బోల్ట్ ముట్టకు. ముప్పై లెక్కపెట్టు."

మూతి టార్గెట్ మీదే ఉంచి లెక్కపెట్టాను. లోపల నిప్పు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది, ఆ క్షణంలో బోల్ట్ తెరిస్తే ప్రమాదం. ముప్పై అయ్యాక మెల్లగా తెరిచి తూటాను బయటికి తీశాను. సార్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకి తిప్పారు. ఇత్తడి అడుగున, సరిగ్గా అంచు మీద ఫైరింగ్ పిన్ దిగిన చిన్న గుంట.

"మధ్యల ఏముంది?"

"ఏం లేదు సార్."

అదే రిమ్‌ఫైర్. పెద్ద తూటాల్లో నిప్పు రాజేసే మందు అడుగున నడిమధ్య బిళ్లలో ఉంటుంది. దీనికి ఆ మందు అంచు మడత లోపల చుట్టూ పట్టి ఉంటుంది. పిన్ అంచుని నలిపితే ఆ మందు రాజుకుని లోపలి మందును అంటిస్తుంది. 1845లో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే తుపాకీ పనివాడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటా 1887లో వచ్చింది, నేటికీ అదే కొలత. ఈ అంచు వల్లే ఇంకో సంగతి: పేలాక అంచు నలిగిపోతుంది, మడతలోని మందు కాలిపోతుంది. పెద్ద తూటాల షూటర్లు ఖాళీ షెల్స్‌ని తమ కొలతలతో మళ్లీ నింపుకుంటారు. మనకు ఆ వీల్లేదు. ఫ్యాక్టరీలో ఎలా పోశారో అలాగే వాడాలి. అందుకే ఎంపిక ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

ఈ రోజు అసలు పని ఇక్కడ మొదలైంది. సార్ నాలుగు డబ్బాలు బల్ల మీద పెట్టారు. పేర్లు, లాట్ నంబర్లు (ఏ విడతలో తయారైన తూటాలో చెప్పే గుర్తులు) కనబడకుండా కాగితం అంటించి, స్కెచ్ పెన్‌తో 1, 2, 3, 4 అని రాశారు. ఏది ఖరీదైనదో, ఏది ఏ దేశానిదో నాకు తెలియదు. ఒక్కో డబ్బాతో ముందు గొట్టాన్ని అలవాటు చేసే కొన్ని షాట్లు, తర్వాత కొత్త కాగితం మీద పది. ఇసుక సంచుల మీద, ఫ్లాగులు వాలినప్పుడే, చెంప ప్రతిసారీ చీక్‌పీస్ మీద అదే చోట.

తూటా యాభై మీటర్లు వెళ్లేలోపు పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, సైట్ దాన్ని సరిదిద్దుతుంది. కానీ పది తూటాల్లో ఒకటి సెకనుకు పది మీటర్లు నెమ్మదిగా బయల్దేరినా దాదాపు ఏడు మిల్లీమీటర్లు ఇంకా కింద పడుతుంది. ఉన్న జాగా ఎనిమిదే కదా. మందు పాళ్లలో తేడా, మైనం మందంలో తేడా, తూటా పోతున్నప్పుడు గొట్టం వణికే తీరు, ఇవన్నీ కలిసి ఏ తుపాకీకి ఏ లాట్ నప్పుతుందో నిర్ణయిస్తాయి. ముందుగా లెక్కగట్టి చెప్పగలిగినవాళ్లు లేరు. పేల్చి చూడాల్సిందే. అందుకే తూటాలు తయారుచేసే పెద్ద కంపెనీలు, షూటర్లు రైఫిల్ తెచ్చి లాట్లు పరీక్షించుకోవడానికి ప్రత్యేక కేంద్రాలు నడుపుతాయి.

ఒకటో కాగితం: గుంపు మంచిదే, ఒకటి మాత్రం విడిగా కింద. రెండోది: నిలువుగా సాగింది. వేగాల్లో తేడా ఉందని ఆ నిలువు గీతే చెప్తోంది. మూడోది పేలుస్తున్నప్పుడే ఏదో తేడా తెలిసింది. స్కోప్‌లో కొత్త రంధ్రం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. పది పూర్తయ్యేసరికి అక్కడ ఒకటే గరుకు అంచు చిరుగు. నాలుగోది వెడల్పుగా చెదిరింది.

కాగితాలు తెచ్చి సార్ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచారు. మూడోది, తూటాల నడిబొడ్డుల మధ్య అతి పెద్ద దూరం 11 మిల్లీమీటర్లు. రెండోది 20 దాటింది. డబ్బాల మీది కాగితాలు ఊడదీశాం. రెండూ, మూడూ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ధర. లాట్ నంబర్లే వేరు.

"చూసినవా? డబ్బా మీద పేరు మనకోసం. లాట్ నంబరు తుపాకీ కోసం."

మూడో డబ్బా లాట్ నంబరు లాగ్‌బుక్‌లో రాశాను. పక్కనే సైట్ క్లిక్కులు, ఎండ, గాలి, ముందు సైట్ రింగు సైజు. అదే లాట్‌వి దొరికినన్ని తెప్పించుకోవాలి. అయిపోతే మళ్లీ ఈ పరీక్ష మొదటి నుంచీ తప్పదు.

"ఇప్పుడు నీ వంతు" అన్నారు సార్.

చాప పరిచి, గట్టి జాకెట్ బెల్టులు బిగించి బోర్లా పడుకున్నాను. ప్రోన్. స్లింగ్ పట్టీని ఎడమ జబ్బకి బిగిస్తే నాడి కొట్టుకోవడం రింగులో కనిపిస్తోంది, నల్ల గుండ్రం లయగా కదులుతోంది. కళ్లు మూసి, ఊపిరి వదిలి, మళ్లీ తెరిచాను. రింగు కాస్త పక్కకు చూస్తోంది. చేత్తో లాగి సరిచేస్తే షాట్ మోసం చేస్తుంది. నడుము కొద్దిగా జరిపి ఒళ్లంతా తిప్పుకున్నాను. మళ్లీ కళ్లు మూసి తెరిస్తే ఈసారి రింగు దానంతట అదే మధ్యకు వచ్చింది.

ఇదే యాభై మీటర్ల మీద, 2012 లండన్ ఒలింపిక్స్ ప్రోన్‌లో జాయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఈ విభాగంలో మనకు తొలి ఒలింపిక్ పతకం అదే. మోకాలి మీద, బోర్లా, నిలబడి, మూడు భంగిమల్లో అరవై షాట్లకు క్వాలిఫికేషన్‌లో అతని స్కోరు 590. ఆ పది పాయింట్ల నష్టంలో తుపాకీ వాటా ఎంత, తనది ఎంత అన్నది తెలిసి ఉండబట్టే ఆ స్థాయి షూటర్ ఎక్కడ శ్రమ పెట్టాలో తేల్చుకోగలడు.

పది షాట్లు. ట్రిగ్గర్ విరిగాక కూడా కన్ను రింగులోనే నిలిపి ఉంచాను, తూటా గొట్టం దాటేదాకా తుపాకీ నా ఒంటిని నమ్ముకునే ఉంటుంది కాబట్టి. కాగితం తెచ్చి కొలిస్తే 19 మిల్లీమీటర్లు. పదులే ఎక్కువ, తొమ్మిదులూ ఉన్నాయి.

సార్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. సంచుల మీద 11, నా భుజం మీద 19. ఈ రెండు అంకెల కోసమే మొదటి రోజును స్కోరుకి ఇవ్వకుండా రైఫిల్‌కి ఇవ్వాలి. కొత్త తుపాకీతో వచ్చి, కనబడిన డబ్బా తెరిచి, నేరుగా స్కోరు కొట్టేవాళ్లకు తొమ్మిది పడితే అది గాలిదో, తూటాదో, తమదో నెలల తరబడి తెలియదు. అనుమానంతో పట్టుకున్న తుపాకీని ఒళ్లు నమ్మదు. నమ్మని చోట ట్రిగ్గర్ శుభ్రంగా రాదు. ఇవాళ నాకు ఆ అనుమానం తీరిపోయింది. ఇసుక సంచుల మీద ఈ రైఫిల్ ఏం చేయగలదో నా కళ్లతో చూశాను. 11కీ 19కీ మధ్య ఉన్న ఎనిమిది మిల్లీమీటర్లు ఇకపై నా పని. ఎల్లుండి మోకాలి భంగిమ, నీలింగ్‌తో ఆ పని మొదలుపెడుతున్నాను.