చీటీతో కూడిన విలువలు

కంప్యూటరులోనికి దూరమునుండి మూడు ఫైళ్లను తెప్పించుచున్నామనుకొందము. ఒకటి వేచియున్నది, ఒకటి నూటికి 40 పాళ్లు వచ్చినది, ఒకటి పూర్తియైనది. వేచియున్నదానికి అంకెతో పనిలేదు. వచ్చుచున్నదానికి అంకె కావలెను, పూర్తియైనదానికి ఫైలు పేరు కావలెను. ఈ మూడు స్థితులను ఒకే వరుసలో ఉంచుట ఎట్లు?

1970లో నిక్లౌస్ విర్త్ జ్యూరిక్ నగరమునుండి పాస్కల్ భాషను ప్రకటించెను. అందు ఒకే తావున వేర్వేరు సమయములలో వేర్వేరు విధములగు సమాచారమును ఉంచవచ్చును. ఏది ఉన్నదో తెలుపుటకు ప్రక్కన ఒక చీటీ. ఏర్పాటు చక్కనిదే. కాని చీటీని మార్చి లోని సరకును మార్చకున్నను భాష అడ్డగింపదు. అసలు చీటీ లేకుండ వ్రాయుటకును అనుమతి కలదు! ఉప్పు డబ్బాకు పంచదార అని చీటీ అంటించినట్లే. అట్టిచోట యంత్రము అక్షరములను అంకెగా చదివి, తప్పు జవాబును నిస్సంకోచముగా చెప్పును.

దీనికి మందు ఎడింబరోలో దొరికినది. అచ్చట రాడ్ బర్‌స్టాల్, డేవిడ్ మెక్వీన్, డోనాల్డ్ సనెల్లా 1980లో హోప్ అను భాషను వెలువరించిరి. అందు చీటీని చూచిన పిదపనే సరకు చేతికి వచ్చును. చీటీ ఇదియైనచో లోనిదానికి ఈ పేరు పెట్టి ఇట్లు చేయుము అని, ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క సూత్రము వ్రాయుదురు. దీనినే నమూనాతో సరిపోల్చుట అందురు. తరువాత స్టాండర్డ్ ఎంఎల్ భాష ఈ పద్ధతిని హోప్ నుండి గ్రహించెను.

2014 జూన్‌లో ఆపిల్ సంస్థ ప్రకటించిన స్విఫ్ట్ భాషలోని ఎనమ్ ఈ వంశమునకు చెందినదే. విద్యార్థులు తరచు తడబడు చోటు ఒకటి ఇచ్చట కలదు. వరుసలో "వచ్చుచున్నది, 40" అను విలువను వెదకుచుండగా అది 41 అయినది. సమానమా అని అడిగినచో యంత్రము కాదనును. తప్పేమియు లేదు, చీటీ ఒకటే, సరకు వేరు. మొదట్లో ఇట్టి విలువలకు సమానత యనగానేమో ప్రోగ్రాము వ్రాయువారే విడమరచి చెప్పవలసియుండెను. 2018లో వచ్చిన 4.1 కూర్పునుండి, లోని సరకులు పోల్చదగినవైనచో, ఒక్క ప్రకటనతో భాషయే ఆ పని చేయుచున్నది. ఐనను అది చీటీని, సరకును రెంటిని చూచును. చీటీ మాత్రమే కావలసినచో నమూనాతోనే అడుగవలెను: "వచ్చుచున్నది" అను చీటీ గల మొదటి స్థానమేది?

స్థానము దొరికిన పిదప మరియొక మెలిక. నమూనా మన చేతికిచ్చు 41 నకలు మాత్రమే. దానిని 42 చేసినను వరుసలోనిది కదలదు. ఇది చాదస్తమని కొందరందురు గాని, చీటీని సరకును విడివిడిగా తాకనిచ్చుటచేతనే గదా పాస్కల్‌లో చిక్కు వచ్చినది! కావున 42తో కొత్త విలువను కట్టి, దానిని ఆ స్థానమున ఉంచవలెను. వచ్చుచున్న ఫైళ్లు పెక్కులైనచో మొదటిదానితో ఆగక, వరుస చివరివరకు స్థానము వెంట స్థానముగా ఇట్లే చేయవలెను.