క్వారీ కంటే ముందు కాలినడక

శ్రీకాళహస్తి చరిత్ర అనగానే మనకు గుడి గుర్తొస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం గురించి, చోళుల శాసనాల గురించి పుస్తకాల్లో ఉంది. వేటగాడు తిన్నడు కన్నప్పగా పూజలందుకుంటున్నాడు. కానీ గుడి కట్టించనివాళ్లు, శాసనం వేయించనివాళ్లు, వేటాడి, దుంపలు తవ్వుకుని బతికినవాళ్లు ఎలా ఉండేవారో ఏ శాసనమూ చెప్పదు. ఆ చరిత్ర వాగుల ఒడ్డున, గులకరాళ్ల పొరల్లో ఉంది.

దీనికి రుజువు దగ్గర్లోనే దొరికింది. 1960లలో ఎం.ఎల్.కె. మూర్తి అనే పురావస్తు పరిశోధకుడు రేణిగుంట దగ్గర రాళ్లకాలువ వెంట వెతికి, పాతరాతియుగం చివరి దశ పనిముట్లు గుర్తించారు. సన్నగా పొడవుగా చెక్కిన రాతి బ్లేడ్లు, ఉలిలా కొన తేల్చిన రాళ్లు అవి. వాటి వయసు పదివేల ఏళ్లకు పైమాటే. తరువాత ఆయన యానాదుల వేటనూ, తిండి సేకరణనూ పరిశీలించారు. ఆ రాళ్లు చెక్కినవాళ్లు మన నేరు పూర్వీకులే అని దీనివల్ల తేలదు. అయితే అడవినీ ఏటినీ నమ్ముకుని బతికే తెలివి ఆ రాళ్లను అర్థం చేసుకోవడానికి పనికొస్తుందని తేలింది.

ఇప్పుడు గ్రావెల్ కోసం తవ్వేది సరిగ్గా ఇలాంటి పొరలనే. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించింది కూడా ఒక గ్రావెల్ గుంటలోనే. అక్కడ చూసే కన్ను ఉంది కాబట్టి అది చరిత్ర అయింది. జేసీబీ ఎత్తి లారీలో పోసిన రాయి రోడ్డు కింద పడితే ఇక ఏమీ చెప్పదు. రాయి కంటే అది ఏ పొరలో, ఏ రాళ్ల పక్కన ఉందన్నదే ముఖ్యం.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి చూశారు, కట్టడాలను కొండ మీదికి తరలించారు. చిన్న క్వారీకి అంత పని అక్కర్లేదు. కొందరు వరుసగా, పదేసి అడుగుల ఎడంతో, నేల చూస్తూ నడిస్తే చాలు. కానీ 1958 నాటి కేంద్ర చట్టం రక్షణ జాబితాలోని చోట్లకే. ఏ జాబితాకూ ఎక్కని రాళ్ల దిబ్బకు ఆ రక్ష లేదు. పైగా మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అక్కడ చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ సిఫారసు కావాలనే 1996 నాటి పీసా చట్టం ఇక్కడి యానాదులకు, ఎరుకలకు వర్తించదు.

కాబట్టి ముందు మనమే నడవాలి. ఉపాధ్యాయులు పిల్లలతో వెళ్లి, చెక్కిన గుర్తులున్న రాయి కనిపిస్తే తీయకుండా, పక్కన పెన్ను పెట్టి ఫోటో తీయాలి. సర్వే నంబరు, తేదీ రాసుకోవాలి. ఆ వివరాలతో తహసీల్దారుకు, పురావస్తు శాఖకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. పెద్ద క్వారీలకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే మన మాటకు ఆధారం ఉంటుంది. పట్టా లేని మనవాళ్లను మీకిక్కడ ఏముంది అని అడిగేవాళ్లకు, ఈ నేల మీద మనుషులు ఎంత కాలంగా బతుకుతున్నారో ముందు చూసి తవ్వండి అని చెప్పగలం.