కంప్యూటర్ అంటే ఒకప్పుడు మనిషి!

1850లో ఎవరైనా "నేను కంప్యూటర్‌ని" అంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఎందుకంటే అప్పట్లో అది ఒక ఉద్యోగం పేరు.

లాటిన్‌లో 'కంప్యుటారే' అంటే లెక్కించడం. దాన్నుంచి వచ్చిన 'కంప్యూటర్' అనే మాట 1600ల నుంచే ఇంగ్లీష్‌లో ఉంది. అర్థం ఏంటంటే, లెక్కలు కట్టే మనిషి.

అలాంటి కంప్యూటర్లు మన దేశంలోనూ ఉన్నారు. 1831లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ కుర్రాడు, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో కంప్యూటర్‌గా చేరాడు. తర్వాత చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. ఎక్కడో దూరం నుంచి కొలిచిన కోణాలు, గాలిలో వెలుతురు వంగడం వల్ల వచ్చే తేడాలు, ఇవన్నీ సరిచూసి 'పీక్ 15' ఎత్తు తేల్చడంలో ఆయన లెక్కలు కీలకం. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇవాళ మనం చెప్పుకునేది 29,032. అంటే తేడా 30 అడుగులే!

మరి 1865లో ఆ శిఖరానికి ఎవరి పేరు పెట్టారు? 1843లోనే రిటైరైపోయిన పెద్దాఫీసర్ జార్జ్ ఎవరెస్ట్ పేరు.

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో ఫిరంగి గుళ్ల లెక్కలు కట్టిన కంప్యూటర్లు ఎక్కువగా అమ్మాయిలే. వాళ్లలో ఆరుగురు ఎనియాక్ అనే మెషీన్‌కి ప్రోగ్రామింగ్ చేశారు. 1946లో ఆ మెషీన్ పేపర్లకెక్కింది. వాళ్ల పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

చివరికి ఉద్యోగం పేరు కూడా మెషీన్‌కే వెళ్లిపోయింది. ఈసారి ఎవరైనా ఎవరెస్ట్ అంటే, సిక్దర్ పేరు కూడా చెప్పండి.