మూత్రపరీక్ష: దాని ప్రామాణ్యము

మూత్రమును బరీక్షించి దేహస్థితిని నిర్ణయించుట మనదేశమునకు క్రొత్త గాదు. మధుమేహరోగి మూత్రమునకు చీమలు చేరునని మన ప్రాచీనవైద్యులు గుర్తించియుండిరి. ఆ పరీక్షయందు రోగి దాచదలచున దేమియు లేదు. తన మేలుకొఱకే యతడు సత్యమును గోరును. కాని పరీక్షింపబడువాడు సత్యమునకు భయపడునప్పుడును, పరీక్షించువాడే దానిని మఱుగుపఱప దలచినప్పుడును ఆ పరీక్ష యేమగును? ఈ ప్రశ్నకు క్రీడల చరిత్రము సమాధాన మొసగుచున్నది.

ఆటగాండ్రు ఉత్తేజకౌషధములు సేవించి గెలుచు దురాచారమును మాన్పుటకై ఒలింపిక్ క్రీడలయందు 1968లో మూత్రపరీక్షలు ప్రవేశపెట్టబడెను. బలవృద్ధికై వాడు స్టెరాయిడ్లను కనిపెట్టు పరీక్ష 1976లో మాంట్రియలు క్రీడలయందు వచ్చెను. పరీక్షలతోపాటు మోసమును పెరిగెను. 1978లో టూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెమున బెల్జియము దేశస్థుడగు మిషెల్ పొలెంటియర్ కొండదారిని అందఱికంటె ముందెక్కి, అగ్రగామికిచ్చు పసుపుపచ్చని చొక్కాను పొందెను. పరీక్షాస్థలమున ఆతని చంకక్రింద, ముందుగా సిద్ధపఱచిన మూత్రముతో నింపిన రబ్బరుబుడ్డియు, దానికి తగిలించిన గొట్టమును బయలుపడెను. ఆతడు పందెమునుండి తొలగింపబడెను. మూత్రమిచ్చునపుడు అధికారి యెదుట నిలిచి కన్నులార చూడవలెనను నేటి నియమము లజ్జాకరముగా దోచవచ్చును. కాని యిట్టి మోసములను దలచినప్పుడు దాని యవసరము తెలియును.

నిర్దోషికి గలుగు హానియు దీనికంటె తక్కువది గాదు. 1994 జూనులో లిస్బన్ నగరమున ఆంగ్లదేశపు పరుగుపందెగత్తె డయాన్ మొడాల్ ఇచ్చిన మూత్రమున టెస్టోస్టెరోన్ మితిమీరియున్నట్లు తేలెను. కెనడాలో జరుగుచున్న కామన్‌వెల్తు క్రీడలనుండి ఆమెను వెనుకకు బంపిరి, నాలుగేండ్లు నిషేధించిరి. ఆ మూత్రమును చల్లనిచోట నుంచక వేడిమిలో విడిచిరనియు, చెడిన మూత్రమున సూక్ష్మజీవులవలన ఆ ద్రవ్యము పెరుగవచ్చుననియు పిమ్మట నిరూపితమయ్యెను. 1995లో నిషేధము తొలగెను. ఆమె వేసిన నష్టపరిహారపు వ్యాజ్యము మాత్రము ఫలింపలేదు. యంత్రము అబద్ధమాడలేదు, దానికందిన వస్తువే చెడియుండెను.

ఇట్టి దోషములను నివారించుటకై నియమము లేర్పడెను. మూత్రమును రెండు సీసాలలో బోయుదురు. ఒకదానిని పరీక్షించి, రెండవదానిని ఆటగాని సంశయనివృత్తికై దాచుదురు. వానిపై పేరుండదు, సంఖ్య మాత్రముండును. ఒకసారి బిగించిన మూత, పగులగొట్టినగాని రాదని అందఱును నమ్మిరి.

ఈ నమ్మకమును 2014లో రష్యాయందలి సోచి ఒలింపిక్కులు వమ్ముచేసెను. పరీక్షాశాలాధ్యక్షుడు గ్రెగరీ రోద్చెంకోవ్ 2016లో అమెరికాయందుండి ఆ రహస్యమును వెల్లడించెను. రాత్రివేళ గోడయందలి రంధ్రముగుండ సీసాలు ప్రక్కగదికి జేరెడివి. రహస్యపోలీసులు వానిని పగులగొట్టకయే తెఱచి తెచ్చెడివారు. నెలలకు ముందే సేకరించి గడ్డకట్టించిన నిర్మలమూత్రమును వానిలో నింపి, సాంద్రత సరిపోవుటకై ఉప్పునో నీటినో కలిపెడివారు. కెనడా న్యాయశాస్త్రాచార్యుడు రిచర్డు మెక్‌లారెన్ అదే సంవత్సరము జరిపిన విచారణలో మూతల లోపల గీతలును, మనుష్యదేహమున నుండజాలనంత ఉప్పును, స్త్రీల సీసాలలో పురుషుల డీఎన్‌ఏయు కనబడెను. మోసము నిలువలేదు, కాని కాపరియే దొంగయైనచో ఎంతటి తాళమును నిరర్థకమని లోకమునకు తెలిసెను.

2018లో క్రీడాన్యాయస్థానము శిక్షితులలో 28 మందిపై సాక్ష్యము చాలదని శిక్షలను రద్దుచేసెను. ఇది వారు నిర్దోషులను తీర్పు కాదనియు ఆ స్థానమువారే చెప్పిరి. దేశము చేసిన మోసము తేలినను ప్రతివ్యక్తి నేరమును వేఱుగా నిరూపింపవలెనను ఈ న్యాయము పలువురకు రుచింపలేదు. మాకు మాత్రము ఇది సమంజసముగానే తోచుచున్నది.

మూత్రపరీక్ష యొక సాక్షి. సాక్షిని నిందితునినుండి మాత్రమే కాక, రక్షకునినుండియు గాపాడవలెను. పరీక్షాఫలమువలన లాభనష్టములు పొందువారి చేతిలో పరీక్ష యుండరాదు. నేడు క్రీడలయందేగాక ఉద్యోగములయందును ఇట్టి పరీక్షలు జరుగుచున్నవి. కావున ఒక కాగితమును జూచి యొకని శీలమును నిర్ణయించుటకు ముందు, ఆ మూత్రమును ఎవరు తీసిరి, ఎచ్చట నుంచిరి, రెండవ సీసా యున్నదా యని యడుగుట విద్యావంతుల విధి. ఈ ప్రశ్నలకు వెఱచునది దోషియే; నిర్దోషికి ఇవియే రక్ష.