రాగము పేరు చాలునా? గమక చిహ్నముల చరిత్రయు తెలుగు క్రైస్తవ కీర్తనలును

1. సమస్య

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచినయెడల పెక్కు కీర్తనలకు పైన రాగము, తాళము, రచయిత పేరు కనబడును. స్వరము మాత్రము కనబడదు. చేవెళ్ల, మొయినాబాదు పరిసర గ్రామములకు వారాంతపు పరిచర్య నిమిత్తము వెళ్ళు వేదాంత విద్యార్థి, పుస్తకములో 'ముఖారి' అని చదివినంత మాత్రమున కీర్తనను పాడజాలడు. తెలిసిన పెద్దల నోట విని నేర్చుకొనవలసినదే. వారు పాడునప్పుడు ఒక స్వరము ఊగును, ఒకటి జారును, మరియొకటి అదరును. సంగీత శాస్త్రము దీనినే గమకము అనును. గమకము పోయినయెడల రాగము పేరు మిగులును గాని రాగము మిగులదు.

ఇది మన కీర్తనలకు మాత్రమే సంబంధించిన చిక్కు కాదు. 22వ దావీదు కీర్తన శీర్షికలో అయ్యెలెత్‌ షహరు అను రాగము పేర్కొనబడినది. ఆ పేరు వేల సంవత్సరములు నిలిచినది. అది ఎట్లు పాడబడెనో నేడు ఎవరును ఎరుగరు.

పాడువానికి స్పష్టముగా తెలియునట్లు గమకమును వ్రాయుట సాధ్యమా? ఈ ప్రశ్నకు తెలుగు లిపిలోనే ఒక గొప్ప సమాధానము కలదు. దానిని పరిశీలించి, మన కీర్తనల విషయములో అది నేర్పు పాఠమును గ్రహించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2. సంఘ చరిత్రలో ఒక హెచ్చరిక

పాశ్చాత్య సంఘములో 9, 10 శతాబ్దముల నాటికే పాట పుస్తకములలో పదములపై చిన్న గుర్తులు వ్రాయు అలవాటు ఏర్పడెను. వీటిని న్యూమ్‌లు అందురు. స్వరము పైకి పోవుచున్నదో క్రిందికి దిగుచున్నదో ఇవి సూచించెను. 11వ శతాబ్దములో గ్విడో అను సన్యాసి గీతల పద్ధతిని స్థిరపరచినందున స్వరస్థానము స్పష్టమాయెను. అయితే పాత గుర్తులలో క్విలిస్మా అను వంకర గుర్తు ఒకటి కలదు. అది వ్రాతప్రతులలో నేటికిని కనబడుచున్నది. దానిని గాయకులు ఎట్లు పాడిరను విషయములో మాత్రము పండితులకు ఏకాభిప్రాయము లేదు. గుర్తు నిలిచినది, దాని వివరణ నిలువలేదు. కావున చిహ్నము ఉన్నంత మాత్రమున సరిపోదు.

3. ఎట్టయాపురం గ్రంథము

13వ శతాబ్దములో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరములో 15 గమకములను పేర్కొనెను. అయినను వాటిని పాటలోని స్వరములపై గుర్తులుగా వ్రాయు పద్ధతి మన దేశములో చాలాకాలము వ్యాప్తిలోనికి రాలేదు. గురుముఖముననే విద్య సాగెను. 19వ శతాబ్దము చివరి భాగములో మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు గాయక పారిజాతము (1877) మొదలగు గ్రంథములను తెలుగు లిపిలో స్వరములతో అచ్చువేయించిరి. వీటివలన కృతులు స్వరరూపములో అనేకులకు అందినవి. కాని గమకముల విషయము చాలవరకు గురువుకే విడిచిపెట్టబడెను.

ఆ కాలముననే ఎ. ఎం. చిన్నస్వామి ముదలియారు అను క్రైస్తవ విద్వాంసుడు కర్ణాటక కృతులను పాశ్చాత్య గీతల పద్ధతిలో 1892 నుండి ప్రకటింప నారంభించెను. ముత్తుస్వామి దీక్షితుల వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు (1839–1906) తన యొద్దనున్న సంప్రదాయ సంపదను గ్రంథస్థము చేయుటకు ముదలియారు ప్రోద్బలము ముఖ్య కారణమాయెను. ఎట్టయాపురం ప్రభువు పోషణలో, అక్కడి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో వెలువడెను. తమిళ దేశములో అచ్చయినను ఇది తెలుగు గ్రంథము. హిందూ సంప్రదాయమునకు చెందిన ఈ నిధి వెలుగు చూచుటలో ఒక క్రైస్తవుని శ్రమ ఉండుట మన పాఠకులు గమనింపదగిన విషయము.

4. చిహ్నముల పద్ధతి

తెలుగు లిపి ఈ పనికి సహజముగా అనుకూలించెను. హ్రస్వమైన 'స' ఒక అక్షర కాలము, దీర్ఘమైన 'సా' రెండు అక్షరముల కాలము. స్థాయిని చుక్కలు తెలుపును. దీక్షితులు స్వరాక్షరమునకు పైన గమక చిహ్నమును చేర్చెను. కంపితమునకు అలవంటి గీత. స్ఫురితమునకు పైన ఒకటి, క్రింద రెండుగా మూడు చుక్కలు. ప్రత్యాహతమునకు అవే చుక్కలు తలక్రిందులుగా. ఎక్కు జారునకు పైకి లేచు ఏటవాలు గీత, దిగు జారునకు క్రిందికి వాలు గీత. ఒదుక్కల్‌ అనగా వీణపై తంతిని మెట్టుమీదనే లాగి పై స్వరమును పలికించుట. దీనికి ఇంటూ గుర్తు.

గుర్తు యొక్క రూపమే చాలవరకు క్రియను జ్ఞాపకము చేయుట ఇందలి మొదటి సుగుణము. ప్రతి గమకమును చేతితో ఎట్లు పలికింపవలెనో గ్రంథారంభముననే వివరించుట రెండవది. పశ్చిమ దేశపు క్విలిస్మాకు లోపించినది ఇదియే.

5. పరిమితి

అయినను అలగీత ఒక్కటే అన్నియు చెప్పజాలదు. తోడిలోని గాంధారము ఊగు విధము వేరు, మరియొక రాగములోని స్వరము ఊగు విధము వేరు. ఎంత వెడల్పున, ఏ స్వరము నుండి, ఎన్నిసార్లు అను సంగతులు ఆ గీతలో లేవు. దీక్షితులు ఈ లోటును ఉదాహరణలతో పూరింప ప్రయత్నించెను. రాగమునకు లక్షణము, గీతము, కీర్తన, సంచారి వరుసగా ఇచ్చుటవలన విద్యార్థి ఒకే స్వరమును అనేక సందర్భములలో చూచును. ఆ మీదట కూడ చెవి ఆధారము అవసరమే. చిహ్నము గురువునకు బదులు కాదు; గురువు నేర్పినది మరువకుండ కాపాడు సాధనము.

6. మన సంఘములకు

పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు కవులు మన రాగములలోనే క్రీస్తును కీర్తించిరి. ఆ కీర్తనలను పాత బాణీలో పాడగల పెద్దలు తగ్గుచున్నారు. మెట్లు స్థిరముగా ఉండు హార్మోనియం, కీబోర్డులతోనే నేర్చుకొనిన తరమునకు స్వరముల నడుమ నుండు జారు, ఊపు వినబడుట అరుదు. మాటలు భద్రముగా ఉన్నవి గదా యని మనము నిశ్చింతగా ఉండరాదు.

కాపరులు, విద్యార్థులు చేయగల పని కష్టమైనది కాదు. పాడువారి అనుమతితో కీర్తనను ధ్వనిముద్రణ చేయవలెను. దానిని తెలుగు స్వరములలో వ్రాసి, కంపితము, స్ఫురితము, రెండు జారులు అను నాలుగు గుర్తులను మాత్రమే వాడవలెను. గుర్తులు ఎక్కువైనయెడల పాడువాడు తడబడును. ప్రతి గుర్తు అర్థమును మొదటి పుటలోనే వ్రాయవలెను. ఏ స్వరముపై గమకము కలదో ఆ స్వరమునకు సరిగా పైననే గుర్తు నుంచవలెను. ఏ ఊరి సంఘములో, ఏ సంవత్సరములో విన్నదో తెలుపవలెను. ఏలయనగా ఒకే కీర్తన రెండు ఊళ్ళలో రెండు విధములుగా ఉండవచ్చును, రెండును సాక్ష్యములే. కడపట, వ్రాసినదానిని ఆ పాట ఎరుగని మరియొకరిచేత పాడించి, పెద్దలకు వినిపింపవలెను. వారు తల ఊపిననాడు ఆ వ్రాత స్పష్టమైనదని ఎంచవచ్చును.